పాప నిద్రించే సీటు

అరబ్బు దేశంలోని మామీర్ ఊరి గ్యారేజి నుండి బయలుదేరిన పికప్ ట్రక్కు సంధ్యాకాంతిలో సముద్రపు ఒడ్డున మెల్లగా సాగుతున్నది. బండి యజమాని నడుపుతున్నాడు; వెనుక సీటులో వృద్ధ మెకానిక్ ఉన్నాడు. ఇంజను బలాన్ని చక్రాల వైపు అందించే టార్క్ కన్వర్టర్ ఏది బిగించాలో చెప్పే ముందు, ఆ బండిలో నిత్యం ప్రయాణించేవారి చోట తానొకసారి కూర్చోవడం ఆయన నియమం.

"ఇంత పెద్ద ఇంజను పెట్టించాను బాబాయ్. పాత కన్వర్టర్ దీని బలానికి ఎన్నాళ్లో ఆగదు. శుక్రవారం పందెం ఉంది, గట్టిది వేసెయ్యండి."

"గట్టిదంటే ఏంది బిడ్డా? లోపల రెండు పంకాలుంటయి, నడుమ నూనె. ఒకటి తిరిగితే, తాకకుండనే రెండోది తిరుగుతది. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగినంకనే పట్టుకునేది పెడితే పందెంల బాణమే. గని ఊర్ల సిగ్నల్ సిగ్నల్‌కు ఇంజను అరుస్తది, బండి దుంకుతది."

"రెండు వేలకు పట్టుకునేదైతే?"

"నీళ్ల మీద పడవ లెక్క పోతది. పందెంల మాత్రం ఎనకబడ్తవ్. ఈడ ఎవరు కూసుంటరు?"

"మా పాప. ఇంట్లో కన్ను మూయదు. రోజూ సాయంత్రం రిఫా ఊరి దాకా ఇలా తిప్పితేనే నిద్రపోతుంది."

"ఇగ నన్నెందుకు అడుగుతున్నవ్?"

"గెలుస్తానని స్నేహితులందరికీ చెప్పేశాను మరి!"

"సరే, ఇంకొక్క సిగ్నల్ దాటనియ్యి. చెప్త."

"దాటేశాం. ఇప్పుడు చెప్పండి."

వెనుక నుండి సన్నని గురక వినిపించింది.

"బాబాయ్? నిద్రపోయారా?"

అద్దంలో, పాప దిండు మీద ఒరిగిన నెరసిన తల కనిపించింది.

"రెండు వేలదే పెట్టండి," అని అతడు గొంతు తగ్గించి అన్నాడు. గ్యారేజి మలుపు వచ్చినా తిరగక, ఒడ్డు వెంటే ముందుకు పోనిచ్చాడు.