గుమ్ములబావి ఊఁకొట్టిన రోజు

అడవంచున పాడుబడ్డ గుమ్ములబావి ఉందా, దాని పక్కకొచ్చేసరికి మేకలు కూడా చుట్టుదారి పడతాయి, మీరెప్పుడైనా గమనించారో లేదో. ఎందుకంటారా? ఇలా దగ్గరికి జరగండి, చెబుతా.

ఆ యేడు తొలకరి వానలు పడ్డాక పట్నం కాలేజీ నుంచి వైదేహి అనే పిల్ల వచ్చింది, ఈ అడవిలో ఎన్నెన్ని రకాల పుట్టగొడుగులున్నాయో చూసిపోవాలని, తినేవే కాదర్రా, విషపువి కూడా, రకానికొకటి కాగితం సంచిలో వేసుకుంటుందట. "కూరకి పనికిరానివి ఏరడం దేనికే తల్లీ?" అని మన ఊరి సింగారమ్మ నవ్వింది గానీ తోడు మాత్రం వెళ్ళింది, పైగా ఆ పిల్ల తల్లికి ఫోనులో "నీ బిడ్డని నేను ఇంటికి చేరుస్తా" అని మాట కూడా ఇచ్చింది.

మరి అడవిలో ఏరేవాళ్ళ పద్ధతి తెలుసుగా, మనిషి కనపడకపోతే "ఓయ్" అంటారు, అవతలివాళ్ళు "ఊఁ" అంటారు, కానీ మంచి పుట్ట దొరికిందనుకోండి, ఇక ఒక్కరి నోరూ పెగలదు, పలికితే అందరూ వచ్చి మీద పడతారు కదా! సింగారమ్మకి సరిగ్గా అలాంటి పుట్టే దొరికింది, పుట్టనిండా గొడుగులు పాలలా తెల్లగా విచ్చుకుని, ఇంకేముంది, కొంగు పరిచి కూచుంది. మబ్బు కమ్మి మధ్యాహ్నమే మసకయింది. "ఓయ్, అత్తా" అని వైదేహి పిలిచింది. ఆ పిల్ల వాటాకి రాదని తెలుసు, అయినా పాత అలవాటు నోరు కట్టేసింది. మళ్ళీ పిలిచింది. అప్పుడు ఎవరో "ఊఁ" అన్నారు.

సింగారమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు తనదే. తను మాత్రం నోరు తెరవలేదు. వచ్చింది బావి వైపు నుంచి.

లేచి పరిగెత్తింది, కొంగులోవన్నీ రాలిపోతున్నా చూసుకోలేదు, ఆ తల్లికి ఏం చెప్పను దేవుడా అనుకుంటూ. వెళ్ళేసరికి వైదేహి బావి గట్టు మీద బోర్లా పడుకుని, నడుందాకా లోపలికి వంగి, చెయ్యి చాపి ఉంది. "ఇంకొంచెం పైకి అందించత్తా, ఈ రకం నేనెక్కడా చూళ్ళేదు" అంటోంది. సింగారమ్మ వైదేహి కాళ్ళు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆ పిల్ల వెనక్కి పడి, ఈమె మొహం చూసి, బావి వైపు చూసి, "నువ్విక్కడుంటే, లోపల్నించి అందిస్తోందెవరత్తా?" అందట.

లోపల్నించి మళ్ళీ "ఊఁ" అని వినపడింది.

వైదేహి మిగతా అడవంతా తిరిగింది గానీ ఆ వైపు మళ్ళీ రాలేదు. ఆ రకమేదో ఎవరికీ తెలియకుండానే ఉండిపోయింది. ఉండిపోనివ్వండి. అంతగా నోరూరితే సంతలో బుట్టలకొద్దీ అమ్ముతున్నారు, కొనుక్కు తినండి.