కత్తెరమ్మగారి పక్క కుర్చీ

1988 జూన్ 6వ తేదీన మన క్రోమోజోముల పరీక్షశాలలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించి, నేటివరకు అవిచ్ఛిన్నంగా సేవలందించిన కత్తెరమ్మగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పేరు కన్నవారు పెట్టినది కాదు. చేరిన రోజునే ఆమె స్టోరుకు వెళ్ళి మంచి కత్తెర అడిగారు.

"ఇదేమన్నా దర్జీ కొట్టా తల్లీ?" అన్నాడు స్టోరుకీపరు.

"దర్జీకి ఆదికి పాత చొక్కా అయినా ఇస్తారు బాబాయ్. నాకు అదీ లేదు."

పేరు అతుక్కుపోయింది.

ఆ కాలంలో సూక్ష్మదర్శినిలో కనబడిన క్రోమోజోములను ఫోటో తీసి, ఒక్కొక్కటిగా కత్తిరించి, జోడుకు జోడు చేర్చి అట్టపై అంటించేవారు. మనిషికి ఉండవలసినవి ఇరవైమూడు జతలు. ఒకటి ఎక్కువైనా, ఒక ముక్క తక్కువైనా, అది బిడ్డ నడకలోనో మాటలోనో గుండెలోనో బయటపడుతుంది. కత్తెరమ్మగారి తొలి బిడ్డ అటువంటి అదనపు క్రోమోజోముతోనే పుట్టి, నడక రాకుండానే కన్నుమూశాడు. ఎవరికైనా జరిగేదే అనుకొని, దుఃఖం కడుపులో పెట్టుకొని, ఆమె మళ్ళీ కత్తెర పట్టారు.

క్రోమోజోములకు పట్టించే కొత్త రంగుమందు వచ్చినప్పుడల్లా ముందుగా ఆరోగ్యవంతుల రక్తంపై వేసి చూడడం ఆనవాయితీ. ఆ రక్తం ఏళ్ళ తరబడి ఆమే ఇచ్చారు. కణాలు పెరిగాయా, రంగు పట్టిందా అని చూసేవారే తప్ప, మన మనిషి రక్తమే కదా అని జతలు చేర్చి చూసినవారు లేరు. ఆమే చూసుకోలేదు. ఒక మధ్యాహ్నం చేతిలో పనిలేక తన క్రోమోజోముల ఫోటో తానే కత్తిరించారు. రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. సరుకంతా ఉన్నది కనుక ఆమెకు లోపం లేదు. పిల్లలకు పంచేటప్పుడే పంపకం తప్పుతుంది. కొడుకు ఎందుకు పోయాడో ఆ బల్ల దగ్గర తెలిసింది. వెంటనే చెల్లెలు గుర్తుకొచ్చింది. ఆమెకు వరుసగా కడుపు నిలవడం లేదు.

చెల్లెలికి చెప్పొద్దని తల్లి బతిమాలింది. అయినా వెళ్ళి, చెల్లెలినీ మరిదినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

"ఇది కన్నవారి నుంచి వస్తుంది, నీకూ ఉండొచ్చే. ఒక్కసారి రక్తం ఇవ్వు. ముందే తెలిస్తే ఏదో దారి ఉంటుంది."

మరిది గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

"ఇన్నాళ్ళూ మా ఇద్దరి ఖర్మ అనుకున్నాం. ఇప్పుడు తప్పు నా ఒక్కదానిదే అయింది. సంతోషమా అక్కా?"

"తప్పు ఎవరిదీ కాదే."

"ఆ మాట ఆయన ఉండగా అనాల్సింది."

చెల్లెలు రక్తం ఇవ్వలేదు. పిల్లలూ కలగలేదు. అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆ రోజుతో ఆగిపోయాయి.

మన శాలలో నేటికీ నడిచే పద్ధతి అక్కడ పుట్టింది. ఫలితం ఎవరిదో వారిని ముందు ఒంటరిగా పిలుస్తారు. క్రోమోజోము మాట ఎత్తకముందే కత్తెరమ్మగారు, "ఇందులో మీ తప్పేం లేదు" అంటారు. చాలామంది అక్కడే కళ్ళు తుడుచుకుంటారు. ఇంటివారిని పిలవమంటే పిలిచి, అదే మాట వాళ్ళ ముందు మళ్ళీ అంటారు. కంప్యూటరు వచ్చి కత్తెర సొరుగులోకి పోయింది. ఆ మాట పోలేదు.

వీడ్కోలు సభకు రమ్మని చెల్లెలుగారికి ఫోను చేశాము.

"అక్క పిలవమందా?" అన్నారు.

"ఆవిడకు తెలియదమ్మా."

ఫోను పెట్టేశారు.

కత్తెరమ్మగారు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో కలకాలం చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. సభలో ముందు వరుసన, ఆమె పక్కన, ఒక కుర్చీ ఎక్కువ వేస్తాము. అందులో ఎవరూ కూర్చోవద్దని మనవి.