ఆరు నిమిషాలకు ఆరు నిమిషాలు

"అవ్వా, వచ్చే సోమవారం నేను టీవీలో ఉద్యోగానికి చేరతాండా గదా. నువ్వు రేడియోలో ఎందుకు మానేసినావో ఒక్కసారన్నా సరిగ్గా చెప్పు."

మానేసిందెవరే? మీ తాత చెప్పినాడా? ఆయన ఊరందరికీ అట్లే చెప్పినాడులే, మా ఆడమనిషికి ఓపిక చాల్లేదు, మానుకునింది అని. ఓపికంట! పెనుకొండలో పొద్దున ప్యాసింజరు రైలెక్కి, సంగటి డబ్బీ సంచిలో పెట్టుకోని, రేడియో స్టేషనుకు ఏడేండ్లు పోయొచ్చిన దాన్ని. టికెట్టు అప్పుడు మూడు రూపాయలో, నాలుగో... నాలుగే అనుకుంటా. సరే, అది వదిలేయ్.

నేను మాన్లేదు, వాళ్ళు తీసేయనూ లేదు. మేం క్యాజువల్ అనౌన్సర్లం పాపా. నెలకు ఆరు దినాలు రమ్మని ఒక కాగితం వస్తాది, దాన్ని పట్టుకోని పోవాల. ఒక నెల ఆ కాగితం రాలేదు. ఆ పై నెలా రాలేదు. వద్దని ఒక్క ముక్క రాసింటే కొట్లాడిందును. రాయకుండా ఊరికే ఉంటే ఎవరితో కొట్లాడేది? గవర్మెంటోళ్ళకు ఆ విద్య బాగా తెల్సు.

నేను చేరిన కొత్తలో మా పెదమామ, అంటే మీ తాత వాళ్ళ పెదనాయన, రచ్చకట్ట మీద కూర్చోని ఒకటే సణుగుడు. "ఆడది ఊరంతా వినేట్టు మాట్లాడేదేమప్పా!" అని. అదే మనిషి, హిందూపురం సంతలో నా గొంతు వినపడితే, "మా కోడలే, మా కోడలే" అని పక్కనోళ్ళను గిల్లి గిల్లి చెప్పినాడంట. ఇంట్లో మాట్లాడితే గయ్యాళి, రేడియోలో మాట్లాడితే కోడలు. నవ్వద్దు, నిజం చెప్తాండా.

మొదటి దినమే మా ప్రోగ్రాం ఆఫీసరు సారు చెప్పినాడు: "వరలక్ష్మమ్మా, ఈడ నీకు అభిప్రాయం లేదు. ఎవరి పక్కా మొగ్గకూడదు. ఇది జనాల రేడియో, ఒకరి సొత్తు కాదు." నాకు ఆ మాట ఎంత నచ్చిందో! ఎలక్షన్లప్పుడు ఒక పార్టీ పేరు చదివేటప్పుడు దగ్గొస్తే, ఆ పార్టీకి అన్యాయమైపోతాదేమో అని నీళ్ళు తాగి చదివేదాన్ని. మీ తాత ఓటు ఎవరికేస్తివని అడిగితే చెప్పకపోతి. అంత పిచ్చి నాకు. నిష్పక్షపాతమంటే నాకు ఎగతాళి కాదు పాపా, అది గుర్తుపెట్టుకో. దాని పేరు చెప్పి వాళ్ళు చేసిందే నాకు మంట.

మా ఆడోళ్ళ కార్యక్రమంలో ఏముండేది? పచ్చళ్ళు, కుట్లు, చంటిపిల్లల పాలు. ఒకసారి హిందూపురం నుంచి ఒక కార్డు వచ్చింది. పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే షెడ్లుండాయి గదా, ఆడ పనిచేసే ఆడోళ్ళు ఎవరితోనో రాయించినారు. "వారం వారం మాకు వంటలు చెప్తాండారు, ఒకసారి వచ్చి మా చేతులు చూసిపోండి" అని. అంతే ఉండాది దాంట్లో.

నేను ఆ కార్డు ఎత్తుకోని సారు దగ్గరికి పోతి. చెడ్డోడు కాదు ఆయన, భయస్తుడు. పొమ్మన్నాడు. "కానీ ఓనరు మాటా ఉండాల, రెండు పక్కలా సమానంగా" అన్నాడు. సమానంగా అంటే నేనెందుకు కాదంటా? ఆరు నిమిషాలు ఓనరుకు, ఆరు నిమిషాలు పనోళ్ళకు, మిగిలింది నా మాటలకు అని రాసుకుంటి.

పోతిమి. నాగభూషణం అని షెడ్డు ఓనరు, ఫ్యాను కింద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాడు. మైకు చూస్తానే గొంతు సవరించుకోని మొదలుపెట్టినాడు, మధ్యలో ఊపిరి తీసుకునింది కూడా నాకు గుర్తులేదు. "ఈ ఆడబిడ్డలంతా మా ఇంటి పిల్లలమాదిరి. చేతులకు రాసుకునేదానికి మందు డబ్బా పెట్టించినాము" అని. డబ్బా నేనూ చూసినా. గోడకే ఉండాది. దానికి తాళం ఉండాది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండాది.

మళ్ళ షెడ్డు లోపలికి పోతిమి. అబ్బ, ఆ వాసన! పురుగు ఉడికే వాసన, ముక్కులో మూడు దినాలుంటాది. సలసల కాగే నీళ్ళలో చేతులు పెట్టి పోగులు వెతుకుతాండారు. సుజ్ఞానమ్మ అని ఒకామె, ముప్పై ఏండ్లుంటాయేమో, ఆమె ముందర మైకు పెట్టి, "చేతులెట్లుండాయి సుజ్ఞానమ్మా?" అంటి. ఆయమ్మ నోరు తెరిచింది. నా భుజం మీదుగా ఎనక్కి చూసింది. నోరు మూసుకునింది. నేను తిరిగి చూస్తే, ఓనరు చేతులు కట్టుకోని నిలబడి నవ్వుతాండాడు.

మా రికార్డు మిషను తిరుగుతానే ఉండాది. నీళ్ళు కాగే సప్పుడు, రాట్నాల సప్పుడు, అంతే. ఎంతసేపో. మళ్ళ ఆయమ్మే, మెల్లగా, "చేతులు చెప్తానే ఉండాయి కదమ్మా. మీ రేడియోలో అగపడవు, ఏం చేద్దాము" అనింది. పక్కనోళ్ళు కిసుక్కుమన్నారు. అప్పుడు ఆయమ్మకు ధైర్యమొచ్చింది. "సంగటి ముద్ద పిసుక్కునేది నా చేత కాదు. ఆరేండ్ల నా కూతురు తినిపిస్తాది" అనింది. ఇంకో ఇద్దరూ అంతే, ఒక మాట, ఒక చూపు, ఒక మౌనం.

మరుసటి దినం స్టేషనులో టేపు కత్తిరించేదానికి కూర్చుంటిమి. ఇప్పటిమాదిరి కంప్యూటర్లు యాడివి? బ్లేడుతో టేపు కోసి, అతికించాల. సారు పక్కన నిలబడి, "ఈ మాట్లాడని చోటంతా తీసెయ్. ఏమీ వినపడకపోతే జనాలు రేడియో చెడిపోయిందనుకుంటారు" అన్నాడు. రూలే అది, తప్పు కాదు. తీసేసినా. తీసేసి గడియారం పెట్టి చూస్తే, ఓనరుది ఆరు నిమిషాలు నిండుగా ఉండాది, ఆడోళ్ళది నాలుగైపోయింది. ఓనరుది రెండు కోస్తా సార్ అంటి. "పెద్దమనిషి మాట కోస్తే బాగుండదు" అన్నాడు. చూసినావా? మాట్లాడకుండా చేసినోడి మాట కోయకూడదు, మాట్లాడలేకపోయినోళ్ళ టైము మాత్రం చెత్తబుట్టలోకి!

సారు అన్నానికి పోయినాడు. నేను బుట్టలోనుంచి ఆ ముక్కలు ఏరి, ఏది యాడిదో చెవి పెట్టి విని, యాడివి ఆడ అతికించినా. గడియారం చూసినా. ఆరుకు ఆరు.

ఆ మధ్యాన్నం అది గాలిలోకి పోయింది. ధర్మవరంలో మా మరిది మగ్గం గుంతలో కూర్చోని వింటా, ఆగిపాయెనేమో అని రేడియో నెత్తిన రెండు దెబ్బలేసినాడంట. మూడో దెబ్బకు సుజ్ఞానమ్మ మాట్లాడిందంట. మా తోటికోడలు కండెలు చుట్టేది ఆపేసి, "ఆయమ్మ ఎవరినో చూసి భయపడతాండాది" అనిందంట. చూడు, నేను ఒక్క మాట చెప్పలేదు, ఆమెకు అర్థమైపోయింది.

సారుకూ అర్థమైంది. "మాట్లాడని టైము ఎట్లా లెక్కేస్తివమ్మా? ఇది పక్షపాతం" అని అరిచినాడు. "మాట్లాడనీకుండా నిలబడిందెవరు సార్?" అంటి. ఈలోపల ఓనరు ఉత్తరం రాసినాడు, ఎవరెవరితోనో ఫోన్లు చేయించినాడు. ఏం చేసినారో తెల్సా? సమానం చేసేదానికని, మరుసటి వారం కార్యక్రమం మొత్తం, పదహైదు నిమిషాలూ, ఆ నాగభూషణానికే ఇచ్చేసినారు! ఆడోళ్ళ కార్యక్రమం, ఒసే, ఆడోళ్ళది! దాన్ని చదివి పరిచయం చేసేది నేనే.

చదవనని ఇంటికి పోదామనుకుంటి. పోతే ఇంకొకరు చదువుతారు. మైకు ముందర కూర్చోని, శుభ్రంగా, నిదానంగా చదివినా: "పోయిన వారం షెడ్డు యజమాని ఆరు నిమిషాలు, పనివారు ఆరు నిమిషాలు మాట్లాడారు. ఈ వారం యజమాని పదహైదు నిమిషాలు మాట్లాడతారు. పనివారు మాట్లాడరు." అంతే. అభిప్రాయం ఒక్కటుందా దాంట్లో? ఎవరి పక్కన్నా మొగ్గితినా? ఉన్నదున్నట్టు లెక్క చెప్పినా. అద్దం అవతల సారు తల పట్టుకున్నాడు. ఆ కాగితం రాకుండా పోయింది ఆ నెల నుంచే.

ఇప్పుడు ఛానెళ్ళొచ్చినాయి గదా, ఇంకా అన్యాయం. ఒకామెను మొగుడు తల పగలగొడితే, "రెండో వైపు కూడా విందాం" అని వాణ్ణి ముస్తాబు చేసి కూర్చోబెడతారు. ఆమె ఆసుపత్రిలో కుట్లేయించుకుంటాంటాది. ఆమె సీటు ఖాళీ. దాన్నేమో బ్యాలెన్సు అంటారు. థూ!

ఏం? సుజ్ఞానమ్మా? ...చెప్తా ఉండు. రెండేండ్లకు హిందూపురం బస్టాండులో కనపడింది. నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు, "నీ కోసమే నా పని పోయింది మే" అంటి. ఆయమ్మ నన్ను నిలేసి చూసింది. "నాదీ పోయిందమ్మా, పది దినాలు షెడ్డులోకి రానీలేదు. నేను ఆయప్పను చూసి బెదిరింది ఊరంతా వినిపిస్తివి. నన్ను ఒక మాట అడిగితివా?" అనింది.

లేదు. అడగలేదు. గడియారం చూసినా గానీ ఆయమ్మను అడగలేదు.

బస్సొచ్చింది, ఎక్కతా చెప్పింది: "అడిగింటే వద్దనకపోదును. ఆయప్ప లేనిచోట ఇంకో రెండు మాటలు చెప్పిందును." మందు డబ్బా తాళంచెవి సంగతా, ఇంకేందో, నాకు తెలీదు. లేపాక్షి బస్సు, నిలబడేదానికి చోటు లేదు, పోయింది.

నువ్వు పో పాపా, టీవీలో వార్తలు బాగా చదువు, భయపడొద్దు. మైకు పెట్టేముందు ఆ మనిషిని ఒకసారి పక్కకు తీసకపోయి అడుగు, ఏమ్మా, ఏం చెప్పాలనుకున్నావు, ఏం చెప్తే నీకు కష్టమొస్తాది అని. అడిగి, మళ్ళ... మళ్ళ నీకే తెలుస్తాదిలే. సల్లంగుండు నాయనా. కాగితం రాకపోయినా సల్లంగుండు...