మఠాధిపతి ముక్కు

ఫ్రాన్సులోని బర్గండీ లోయలో తెల్లంగీల సన్యాసులు చర్చి కట్టిస్తున్నారు. గోడల మీద ఏ బొమ్మా ఉండకూడదన్నది వాళ్ల నియమం. అందుకే, గోడకెక్కించబోయే రాయి దగ్గర మఠాధిపతి ఆగేసరికి మేస్త్రీ ఉలి వెనక్కి దాచుకున్నాడు.

"ఇదేంటి మేస్త్రీ?"

"ఆకు, స్వామీ."

"ఆకుకి ముక్కుంటుందా?"

"ఉలి జారింది స్వామీ."

"ఉలి జారితే గుండూ, చెవులూ, గడ్డం కింద మడతా కూడా వచ్చేస్తాయా? ఇది నేనే కదూ?"

"మీరే పోల్చుకున్నారంటే పని కుదిరినట్టే స్వామీ."

"నోర్ముయ్! రేపు పెద్ద మఠం నుంచి తనిఖీకొస్తున్నారు. ఇది వాళ్ల కంటబడితే నిన్ను పనిలోంచి తరిమేస్తారు. నాకు శిక్షగా రొట్టే నీళ్లే గతి."

"ఏం చెయ్యమంటారు? ఏళ్ల తరబడి నున్నటి రాళ్లేనాయె. చెయ్యి ఊరుకోలేదు. పోనీ, చెక్కి పారేస్తాలెండి."

మేస్త్రీ ఉలి ఎత్తాడు. మఠాధిపతి ఆ చెయ్యి పట్టుకుని, రాయి వంక తల అటు వంచీ ఇటు వంచీ చూసుకున్నాడు.

"వద్దులే. తిప్పి పెట్టు. ముఖం గోడ లోపలికి, నున్నటి వైపు బయటికి. సున్నం గట్టిగా దట్టించు."

"బతికించారు స్వామీ!"

"ఆగాగు. ముందా ముక్కు కాస్త తగ్గించు."

"గోడ లోపల ఎవరు చూడొచ్చారు స్వామీ?"

"దేవుడు చూస్తాడయ్యా. నాకు అంత ముక్కు ఆయన పెట్టలేదు."