మూడుసార్లు చెప్పిన జవాబు

1994 జూలై నాలుగో తేదీ, సోమవారం ఉదయం మా బాలికల ఉన్నత పాఠశాలలో ఆంగ్ల ఉపాధ్యాయినిగా చేరిన మా ఇంగ్లీషు మేడమ్ గారు, ఇరవై తొమ్మిదేళ్ల నిర్విరామ సేవ అనంతరం, ఇంకా మూడేళ్ల పదవీకాలం మిగిలి ఉండగానే, ఈ నెలాఖరున స్వచ్ఛందంగా పదవీ విరమణ చేస్తున్నారు. వారి గురించి ఈ సంచికలో రాయదగిన సహోపాధ్యాయులు ఎందరో ఉన్నారు. అయితే వారు ఎందుకు ముందుగా వెళ్లిపోతున్నారో బాగా తెలిసినది తొమ్మిదో తరగతికే కనుక, ఆ తరగతి తరఫున కూడా ఒక వ్యాసం ఉండాలని ప్రధానోపాధ్యాయిని గారు ఆదేశించారు. "ఏదీ దాచకుండా రాయండి, దాచింది చాలు" అని మేడమ్ గారు స్వయంగా అనుమతి ఇచ్చారు.

చేరిన మొదటి వారంలోనే మేడమ్ గారు పిల్లల నోటు పుస్తకాలన్నీ ఇంటికి తీసుకువెళ్లి చదివారట. ఒక్కొక్క వాక్యంలో తప్పు లేదు, కానీ ఒక వాక్యానికి పక్క వాక్యంతో మాటలు లేవు. "నాకు జ్వరం. నేను రాలేదు. డాక్టరు లేడు. తగ్గింది." ఒకే బెంచీ మీద కూర్చుని ముఖాలు తిప్పుకున్న నలుగురు మనుషుల్లా ఉన్నాయి ఆ వాక్యాలు. వాటిని కలిపే మాటలు నేర్పడమే తన పని అని ఆ వారమే నిశ్చయించుకున్నారు. ఆ పాఠానికి పుస్తకంలో ఉన్నవి రెండే పేజీలు, ఇతరులు దాన్ని వారంలో ముగించేవారు. మేడమ్ గారు ఏడాది పొడవునా చెప్పేవారు.

వారు చెప్పే తీరు ఇలా ఉండేది. "మన తెలుగులో ఈ పని క్రియ తోకలోనే జరిగిపోతుందమ్మా. 'వచ్చినా', 'వచ్చాక', 'వస్తే' అంటాం, అయిపోతుంది. ఇంగ్లీషువాళ్లకి ఆ తోక చాలదు. వాళ్లు దానికోసం విడిగా ఒక మనిషిని నిలబెట్టాలి. ఆ మనిషి పేరే బికాజ్, ఆ మనిషి పేరే ఆల్దో." ఇద్దరు పిల్లలను చెరో వాక్యంగా నిలబెట్టి, వారి చేతులు పట్టుకునే మూడో పిల్లను మధ్యలో నిలబెట్టేవారు. మధ్యలో పిల్ల మారితే అటూ ఇటూ ఉన్న వాళ్ల సంబంధం ఎలా మారిపోతుందో తరగతి కళ్లారా చూసేది. ఎవరైనా ఆల్దో, బట్ రెండూ ఒకే వాక్యంలో పెడితే, "ఒక్క గుమ్మానికి ఇద్దరు కాపలా ఎందుకే? మీ ఇంట్లో అంత బంగారం ఉందా?" అనేవారు. ఆ మాటకు నవ్వని బ్యాచి లేదు.

అలా ఇరవై నాలుగేళ్లు ఒకే గదిలో, మెట్ల పక్కనున్న అయిదో నంబరు గదిలో, గడిచాయి. ఎత్తు తక్కువగా ఉండటంతో బోర్డు అందడానికి ఒక చెక్క వేదిక వేయించుకున్నారు. వారి దగ్గర చదువుకున్న నర్సులు, కండక్టర్లు, టైపిస్టులు దారిలో కనబడితే ఆగి, పూర్తి వాక్యాల్లో పలకరించేవారు.

అయిదేళ్ల క్రితం ఒక సాయంత్రం వారి భర్త గారు, పుస్తకాలు బైండింగ్ చేసే వృత్తిలో ఉన్నవారు, తమ ఇంటి తలుపు ముందే చాలాసేపు నిలబడవలసి వచ్చింది.

"కొట్టి కొట్టి చెయ్యి వాచింది. ఎదురింటివాళ్లు కూడా వాళ్ల తలుపు తీశారు, నువ్వు తప్ప" అన్నారు, ఎట్టకేలకు లోపలికి వచ్చాక.

"చదువుకుంటున్నానండీ, ధ్యాస లేదు."

ఆయన చెప్పులు విప్పుతూ, అటు తిరిగే ఇంకో మాట అన్నారు. మేడమ్ గారు బదులు పలకలేదు. ఆయన లేచి, సంచిలోంచి ఒక అట్టముక్క తీసి, పెన్సిలుతో రాసి చేతికి ఇచ్చారు. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అని ఉంది దాని మీద.

చెవి నరాలు క్షీణిస్తున్నాయని, అవి తిరిగి రావని డాక్టరు చెప్పారు. వినికిడి యంత్రం కొన్నారు. ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే అది కొంత పనిచేసేది. నలభై మంది ఉన్న గదిలో మాత్రం ఫ్యాన్లు, బెంచీలు, గొంతులు అన్నీ కలిసి ఒకే హోరు అయ్యేవి. మేడమ్ గారు దాన్ని అలమారలో పెట్టేసి, పెదవులు చూసి మాట పోల్చుకోవడం అలవాటు చేసుకున్నారు. బడిలో ఎవరికీ చెప్పలేదు. ఇంగ్లీషు చెప్పే మనిషికి చెవులు లేవని తెలిస్తే మర్నాడే కుర్చీ లాగేస్తారని వారి భయం. ఆ కుర్చీ తప్ప వారికి మరో కోరిక లేదు.

ఇక ఆ రోజు సంగతి. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నవారు అప్పుడు ఏడో తరగతి. మేడమ్ గారు బోర్డు మీద రెండు వాక్యాలు రాసి, కలపమని చివరి బెంచీలో కిటికీ పక్క కూర్చున్న పిల్లను లేపారు. ఆ పిల్ల వెనక నుంచి ఎండ పడుతోంది. ముఖం నీడలో ఉంది. పెదవులు కనబడవు.

పిల్ల జవాబు చెప్పింది.

"గట్టిగా చెప్పమ్మా."

మళ్లీ చెప్పింది.

"నోట్లో ఏముంది? నోరు తెరిచి చెప్పు!"

మూడోసారి ఆ పిల్ల కేక వేసినంత పని చేసి చెప్పింది. వర్షం పడుతున్నా మేం బడికి వచ్చాం అనే అర్థం వచ్చే వాక్యం, ఆల్దోతో మొదలుపెట్టి, ఒక్క తప్పు లేకుండా.

"గొణుగుడమ్మా, గంట కొట్టేదాకా నిలబడు" అన్నారు మేడమ్ గారు.

పిల్ల నిలబడింది. ఆ పేరు ఆ పూటే బడి అంతా పాకింది. పక్క సెక్షనువాళ్లు, మెట్ల మీద పెద్ద తరగతుల పిల్లలు, చివరికి ఆఫీసు గుమస్తా కూడా ఆమెను గొణుగుడమ్మ అనే పిలిచారు.

విరామంలో నలుగురు పిల్లలు ఆఫీసు గదికి బయలుదేరారు. గొణుగుడమ్మ వెళ్లి వాళ్ల దారికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికే?"

"ఇంకెక్కడికి, పెద్ద మేడమ్ దగ్గరికి. నువ్వు మూడుసార్లు చెప్పావు, మేమందరం విన్నాం."

"మీరు విన్నారు. ఆవిడకి వినబడలేదు. తెలియట్లేదా మీకు?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి పిలిస్తే మేడమ్ తిరగకపోవడం, మాట్లాడేవాళ్ల పెదవులకేసే చూడటం, వారం రోజులుగా చూసినవన్నీ అప్పుడు అర్థమయ్యాయి.

"చెప్తే మేడమ్‌ని ఇంటికి పంపించేస్తారు. నోరు మూసుకుని క్లాసుకి పదండి."

"మరి నీకు పెట్టిన పేరో?"

"పేరేం చేస్తుందే, కొరుకుతుందా?"

ఇంటి దగ్గర మేడమ్ గారు భర్తతో, "ఈ పిల్లలు రానురానూ గొణుగుతున్నారండీ, ఒక్కరికీ గొంతు లేదు" అని వాపోయారు. ఆయన వారం తరువాత అట్టలు కత్తిరించి, పిల్లల చేతులకు గీసుకోకుండా మూలలు గుండ్రంగా చేసి, ఒక డబ్బా నిండా తెచ్చి ఇచ్చారు. ఒక్కో అట్ట మీద ఒక్కో కలిపే మాట. జవాబు నోటితో చెప్పనక్కర్లేదు, అట్ట ఎత్తి చూపిస్తే చాలు. ఈ నూతన పద్ధతి ఎంతో ప్రశంస పొందింది. ఇతర పాఠశాలల నుంచి ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్లారు. పిల్లలు నవ్వుముఖాలతో అట్టలు ఎత్తేవారు. అవి ఎందుకొచ్చాయో ఆ గదిలో అందరికీ తెలుసు. వాళ్లకు తెలుసన్న సంగతి మేడమ్ గారికి ఒక్కరికే తెలియదు.

పిల్లలు ఇంకొక ఏర్పాటు కూడా చేసుకున్నారు. వెనక నుంచి ఎవరైనా మేడమ్ గారిని పిలిస్తే, మొదటి బెంచీ పిల్ల కాలితో చెక్క వేదికను తట్టేది. ఆ అదురుకు మేడమ్ గారు వెనక్కి తిరిగేవారు. "నాకింకా పసిగట్టే శక్తి ఉంది" అని వారు రెండేళ్లు సంతోషించారు.

ఈ సంవత్సరం తనిఖీ అధికారి వచ్చిన రోజున, హాల్లో అతిథుల కుర్చీలు వేయడానికి ఆ వేదికను మోసుకుపోయారు. మేడమ్ గారు మునివేళ్ల మీద నిలబడి బోర్డు మీద రాస్తున్నారు. అధికారి వెనక బెంచీల దగ్గర నిలబడి, "మేడమ్" అన్నారు. మొదటి బెంచీ పిల్ల కాలు అలవాటుగా చాచింది. తట్టడానికి అక్కడ ఏమీ లేదు. ఆయన మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచేటప్పటికి గొంతులో చిరాకు వినిపించింది.

గొణుగుడమ్మ లేచింది. "సార్, బోర్డు మీద వాక్యం పూర్తయ్యేదాకా మేడమ్‌ని పిలవకూడదు. మా క్లాసు రూలు" అంది, బడి వాకిటి దాకా వినబడేలా.

అధికారి ముఖంలో చిరాకు పోయి నవ్వు వచ్చింది. తరగతిలో క్రమశిక్షణ ప్రశంసనీయమని రాసి వెళ్లారు. రాయడం ముగించి ఇటు తిరిగిన మేడమ్ గారికి, నవ్వుతున్న అధికారి, నిలబడిన పిల్ల, బిగుసుకుపోయిన ముప్ఫై తొమ్మిది ముఖాలు కనబడ్డాయి.

ఆయన వెళ్లాక తలుపు వేసి, "ఇందాక ఏం జరిగింది?" అని అడిగారు.

గొణుగుడమ్మ బోర్డు దగ్గరికి వచ్చి సుద్దముక్క తీసుకుని రాసింది. "ఆయన మూడుసార్లు పిలిచారు. మీకు వినబడలేదు. నేను అబద్ధం చెప్పాను."

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఏడో తరగతి నుంచి."

"ఎంతమందికి?"

ఒక చెయ్యి లేచింది. తరువాత పక్క చెయ్యి. కొద్దిసేపట్లో చెయ్యి ఎత్తనివారు లేరు. మేడమ్ గారు ఆ చేతులన్నిటినీ చూసి, చివరికి సుద్దముక్క పట్టుకున్న పిల్లను చూశారు.

"అయితే ఆ రోజు నువ్వు..."

ఆ పిల్ల తల వంచుకుంది. మొదటి బెంచీ పిల్ల ఆగలేకపోయింది. "గట్టిగానే చెప్పింది మేడమ్! పక్క సెక్షనుకి కూడా వినబడింది!" అని అరిచి, అరిచి లాభం లేదని గుర్తొచ్చి, నోటు పుస్తకంలో అదే మాట పెద్ద అక్షరాలతో రాసి పైకి ఎత్తింది.

మేడమ్ గారు కుర్చీలో కూర్చున్నారు. పాఠం మధ్యలో వారు కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. కాసేపటికి లేచి, ఆ పిల్ల ఎదుట నిలబడి, అందరూ వినేలా అన్నారు. "తప్పు నా చెవిది. శిక్ష నీకు వేశాను. నీకు పేరు కూడా పెట్టాను. నన్ను క్షమించమ్మా. ఆ వాక్యం ఇంకొక్కసారి చెప్తావా?"

పిల్ల చెప్పింది. ఏడుస్తూ చెప్పడం వల్ల పెదవులు కుదురుగా కదలలేదు. మేడమ్ గారికి ఒక్క ముక్క కూడా అందలేదు. తరగతి వైపు తిరిగి, వింటున్న పిల్లల ముఖాలు చూసి, సరిగ్గానే చెప్పిందని తెలుసుకున్నారు. ఆ తరువాత బడిలో ఎవరూ ఆమెను పాత పేరుతో పిలవలేదు. పిలిచిన గుమస్తాను మేడమ్ గారు ఆఫీసుకు వెళ్లి మరీ మందలించారు.

మర్నాడే వారు విరమణ లేఖ ఇచ్చారు. ప్రధానోపాధ్యాయిని గారు ఆ కాగితం తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

"మూడేళ్లే కదండీ. కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి."

"కళ్లు కూడా మూసుకుంటే నాకింకేం మిగులుతుంది మేడమ్?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"లైబ్రరీ చూసుకోండి పోనీ. పిల్లలు మీ కళ్ల ముందే ఉంటారు."

"ఉంటారు. నాకోసం ఇంకా అబద్ధాలు చెప్తూ ఉంటారు. పిల్ల తప్పు పలికితే నా ఎదుటే పలుకుతోంది, నేను దిద్దలేకపోతున్నాను. వినలేనిదాన్ని, జీతం తీసుకుని వింటున్నట్టు కూర్చోలేను. నలభై మంది చేత నాకు కాపలా కాయించుకున్నాను. ఇక చాలు."

అలా వారు సంతకం చేశారు. ఇది వారు కోరుకున్న వీడ్కోలు కాదు. నిండు పదవీకాలం గడిపి, చివరి గంట దాకా పాఠం చెప్పి వెళ్లాలన్నది వారి ఆశ. ఆ ఆశ తీరలేదని రాయడానికి మాకు చాలా బాధగా ఉంది. అయినా రాయకపోతే ఈ వ్యాసం కూడా వారి ఎదుట మరో అబద్ధం అవుతుంది.

వీడ్కోలు సభలో అందరూ మైకు ముందు మాట్లాడతారు. మేడమ్ గారు మొదటి వరుసలో కూర్చుని, పెదవులు చూస్తూ, అర్థమైన చోటా కాని చోటా మర్యాదకు తల ఊపుతారు. అందువల్ల తొమ్మిదో తరగతి ఆ సభలో ప్రసంగం చేయకూడదని నిర్ణయించుకుంది. చెప్పవలసినదంతా ఇక్కడ రాసి, ఈ పేజీని పెద్ద అక్షరాలతో అచ్చు వేయమని ప్రెస్సువారిని కోరాం.

మా ఇంగ్లీషు మేడమ్ గారు, భర్త గారి తోడుతో, ఏ అనారోగ్యమూ దరిచేరకుండా, ఏ దిగులూ మనసులో మిగలకుండా, చిరకాలం సుఖంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ముఖ్యంగా వారి చూపు ఎన్నేళ్లకూ మసకబారకూడదు. మేము వారికి రాయవలసినవి ఇంకా చాలా ఉన్నాయి.