మూకుడు పక్కన మనిషి

సూరత్, ఖటోదరా. ఎనిమిది కుర్చీల జపాను కట్లెట్ హోటల్. మధ్యాహ్నం జనం తిని వెళ్ళిపోయారు, సాయంత్రం జనం ఇంకా రాలేదు. మూకుడు ముందు రాజమల్లు. బల్లకు ఇవతల, తినడానికి కూర్చున్న కూతురు విజేత.

"బాపు, ఇది గూడ లోపల ఎర్రగనే ఉన్నది."

"ఎర్రగ కాదు, గులాబి రంగు. గట్లనే ఉండాలె."

"గులాబి వేరే. ఇది పచ్చి. నడిమి ముక్క చూడు, పుల్లతోని నొక్కితే నీరొస్తున్నది."

"అంచు ముక్క తిని చూడు."

"అంచు ముక్క మంచిగనే ఉన్నది. రేపు జపాను సంది వచ్చే మొరిటా అమ్మ అంచు ముక్కనే తిని లేస్తదా?"

"ముందుగాల ఉప్పుతోని ఒక ముక్క తింటది. తర్వాత చిన్న రోట్ల నువ్వులు నూరుకొని, సాస్ పోసుకొని... నువ్వు నువ్వులు నూరనే లేదు."

"మాట మార్చకు."

"మార్చలే. ఆమె తిన్నట్టు తిను అన్న. నువ్వు డాక్టర్ లెక్క కోసి కోసి చూస్తున్నవ్."

"పంది మాంసం బాపు. పచ్చిది తింటే మంచాన పడతరు. సోమవారం సంది రెండు ప్లేట్లు వాపస్ వచ్చినయ్. నిన్న ఆ పల్సానా కంపెనీ జపాను సార్ ఒక్క మాట అనకుండ సగం వదిలిపెట్టి పోయిండు."

"ఆకలి లేకపోవచ్చు."

"ఆయనకా? మూడుసార్లు అన్నం పెట్టించుకునే మనిషికా?"

"ఇంకోటి వేస్త. ఈసారి చూడు."

"మాంసం మారిందా?"

"ముంబైల అదే దుకాణం."

"నూనె?"

"అదే నూనె, అదే బ్రెడ్ పొడి, అదే మూకుడు. ఏం మారలే."

"ఒక్కటి మారింది. అమ్మ లేదు."

"మీ అమ్మ ప్లేట్ల పక్కకు పెట్టే క్యాబేజీ కోస్తది. కట్లెట్ నేను వేస్త. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"క్యాబేజీకి ఏం తక్కువైంది? నేను తెచ్చిన మిషన్ ఎంత సన్నగ కోస్తున్నదో చూడు. అమ్మ మణికట్టు ఆపరేషన్ దాక వచ్చింది ఈ కోసుడుతోనే. ఇగ కత్తి పట్టొద్దన్నడు డాక్టర్."

"మొరిటా అమ్మ మిషన్ వద్దన్నది. చేత్తోనే కొయ్యాలె, అది గూడ మూకుడు పక్కకు నిలవడి కొయ్యాలె అన్నది."

"పాతకాలం మనుషుల పట్టుదల."

"ఏదో ఒకటి. రేపు మాత్రం మిషన్ లోపల పెట్టు. ఆమె చూసిందంటే వాకిట్ల పరదా ఇప్పుకొని పోతది."

"పరదా, పరదా. వారం సంది అదే మాట."

"దాని మీద ఈ హోటల్ పెట్టిన మొరిటా సారు పేరున్నది బిడ్డా. సారు పోయి ఏడాదాయె. ఇంటామె వచ్చి, తిని, నచ్చితే పరదా మనకు వదిలిపోతది. నచ్చకుంటే మడతపెట్టుకొని పోతది. వాళ్ళ రివాజు. ఉధ్నాల బట్టల మిల్లుల ఇరవై రెండేండ్లు సాంచాలు నడిపిన, ఒక్కడన్న నా పేరు అడిగిండా? ఆ పరదా కింద నిలవడ్డంకనే నన్ను మాస్టర్ అన్నరు. భయమైతున్నది నాకు."

"భయపడకు. ఆగు, చేతులు కడుక్కొని వస్త. బాపు, మూకుడు పొగ వస్తున్నది."

"..."

"బాపు, పొయ్యి తగ్గించు."

"..."

"రాజమల్లు మాస్టర్."

"ఏంది? భుజం పట్టుకొని గుంజుతున్నవేంది?"

"మూడుసార్లు పిలిచిన. నీ ఎనుకనే నిలవడి."

"నూనె మీద ధ్యాస ఉండె."

"గట్లనా? సరే, ఇటు చూడు..."

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏం గొణుగుతున్నవ్? చెయ్యి తీసి మాట్లాడు."

"గొణుగుతలేను బాపు. గట్టిగనే మాట్లాడిన. చెయ్యి తీస్తే వినవడతదా?"

"పెదవులు కనవడతయ్."

"ఎన్ని రోజుల సంది?"

"సాంచాలకాడ ఎవనికి వినవడతది? అందరం పెదవులు చూసుకుంటనే మాట్లాడుకుంటుంటిమి. పూర్తిగ ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు. నాలుగేండ్లు అయితుండొచ్చు."

"నాలుగేండ్లు. ఇంట్ల మేమందరం ఉండి... సరే. మరి నూనె? చప్పుడు వినే ముక్క తియ్యాలె అని సారు నేర్పిండంటివి గదా."

"అంతే. ఒక్కో ముక్క ఒక్కో మందం, గడియారం పనికిరాదు. చప్పుడు సన్నబడంగనే తియ్యాలె."

"వినవడకుండ ఇన్నేండ్లు ఎట్ల తీసినవ్?"

"మీ అమ్మను చూసి."

"అమ్మనా?"

"పక్కకు నిలవడి కోస్తుంటది గదా. నూనె చప్పుడు సన్నబడంగనే ఆమె చెయ్యి ఆగుతది. జరసేపే. మల్ల కోస్తది. అది ఆమెకే తెల్వదు. చప్పుడు చెవులవడంగనే చెయ్యి దానంతలదే ఆగుతది. అది చూసి నేను తీస్త."

"నేను మిషన్ తెచ్చి అమ్మను ఇంట్ల కూసోవెట్టిన."

"నీ తప్పు లేదు. నువ్వు అమ్మ చెయ్యి నొప్పి చూసినవ్."

"అమ్మకు చెప్తే అయిపోవు గదా బాపు."

"చెప్పలే. నువ్వు గూడ చెప్పకు. మసిలే నూనె ముందల నిలవడ్డది చెవిటోడని తెలిస్తే ఆమెకు ఒక్క రాత్రి గూడ నిద్ర పట్టదు. నా మీద ఒట్టు."

"సరే. ఆ కత్తి ఇటియ్యి."

"నీకు కోసుడు రాదు."

"చెవులైతే ఉన్నయ్. నువ్వు ముక్కకు పొడి అద్దు. నేను ఆఫీసుకు ఫోన్ చేసుకొని వస్త."

"సెలవు పెట్టిన అన్నవ్ గదా?"

"రేపటికి పెట్టిన."

"ఎల్లుండి?"

"చూద్దాం బాపు."

వెనక తలుపు దగ్గర, ఫోన్‌లో తల్లి స్వరాజ్యంతో.

"అమ్మా, చెయ్యి ఎట్లున్నది?"

"గుంజుతున్నది. గుసగుసలు ఎందుకే విజ్జి?"

"ఊకనే. నూనె చప్పుడు సన్నబడ్డదని ఎట్ల తెలుస్తదమ్మా? నేను ఎంత విన్నా ఒక్క తీరుగనే ఉన్నది."

"నీకెందుకు అది? ఆయనేమన్న చెప్పిండా?"

"ఏం చెప్తడు?"

"ఏం లేదు. ఊకనే అడిగిన."

"అమ్మా. నీకు తెలుసు."

"పక్కకు నిలవడ్డదాన్ని, తెల్వకుంటదా?"

"నీ చెయ్యి దానంతలదే ఆగుతదని బాపు అనుకుంటున్నడు."

"దానంతలదే ఎట్ల ఆగుతది? నేనే ఆపుత. ఆయన చూసిందాక గట్లనే పట్టుకుంట. నువ్వు మిషన్ తెచ్చిన నాడు వద్దే అని మొత్తుకున్న. ఎందుకంటే ఏం చెప్పాలె? ఆయన గట్లనే అనుకోనియ్యి విజ్జి. నా మీద ఒట్టు."

"ఇది రెండో ఒట్టు."

"ఏమన్నవ్?"

"ఏం లేదు. ఇప్పుడేం చెయ్యాలె?"

"ఫోన్ పెట్టెయ్యకుండ, పాటలు వింటవు గదా, ఆ బుడ్డది చెవిల పెట్టుకొని మూకుడు పక్కకు నిలవడు. నూనె నేను వింట. ఆపు అనంగనే చెయ్యి ఆపు. జుట్టు చెవి మీదికి వేసుకో."

మళ్ళీ మూకుడు దగ్గర. తల్లి మాట విజేత చెవికి మాత్రమే.

"ఆఫీసోళ్ళు ఏమన్నరు?"

"ఏమంటరు బాపు. ముక్క వెయ్యి."

"వేసిన. కత్తి గట్ల పట్టకు, వేళ్ళు తెగుతయ్."

"విజ్జి, ఇంకా పెద్దగనే ఉన్నది, రేకుల మీద వాన లెక్క. నువ్వు కొయ్యి."

"ఊ."

"ఎవరికి తలకాయ ఊపుతున్నవ్?"

"నీకే బాపు. వేళ్ళు చూసుకుంటున్న."

"ఇగ తగ్గుతున్నది విజ్జి. విను. పెద్ద చప్పుడు కింద సన్నది ఒకటి లేస్తున్నది, విన్నవా? ఆగు... ఆగు... ఇప్పుడు. చెయ్యి ఆపు. పట్టుకో. తీసిండా?"

"ఊ."

"తీసిన బిడ్డా. జరసేపు జాలీ మీద ఉండనియ్యాలె, లోపలి వేడికి అదే మిగిలింది ఉడుకుతది. పో, బల్ల అవతలికి పోయి కూసో."

"నువ్వే కోసి పెట్టు బాపు."

"ఇగో. నడిమి ముక్క చూడు."

"గులాబి. నొక్కినా నీరు వస్తలేదు."

"ఉప్పుతోని తిను."

"మంచిగున్నది. మస్తు మంచిగున్నది బాపు."

"నీ చెయ్యి ఆగింది, చూసుకున్నవా? మీ అమ్మ లెక్కనే. దానంతలదే ఆగింది."

"ఔ. నాకే తెల్వలే."

"మరి ఏడుస్తున్నవేంది?"

"ఆవాల ముద్ద ఘాటు."

"జర్రంత అద్దుకోవాలె గని గంత తింటరా? తిను. నేను నూనె వడగట్టుకుంట."

"విజ్జి, ఉన్నవా?"

"ఉన్నమ్మా. బాపు అటు తిరిగిండు. చెప్పు."

"రేపు గూడ గిట్లనే చేద్దాం."

"నాకు భయమైతున్నది. మొరిటా అమ్మ ఇదే బల్ల ముందల కూసుంటది. నా చెవిల ఉన్నది చూస్తది, నా చెయ్యి ఆగుడు చూస్తది. బాపుకు వినవడదని పట్టేస్తే పరదా ఉంచుతదా?"

"ఆమె పట్టనీకి ఏమున్నది?"

"అంటే?"

"మొరిటా సారు జపానుల చేసిన పనేంది?"

"సాంచాలు బిగించుడు. నీళ్ళతోని నేసే సాంచాలు."

"నలభై ఏండ్లు సాంచాల నడుమ ఉన్న మనిషికి చెవులు మిగుల్తయా? ఆయన నూనె ముందల, ఆ అమ్మ పక్కకు క్యాబేజీ కోసుకుంట. అది రివాజు అని మనమందరం అనుకున్నం. జపాను పోయే ముందల కత్తి నా చేతుల పెట్టి, ఎక్కడ ఆపాలెనో నేర్పింది. సారుకు చెప్పకు అన్నది. నీ మొగుడు గూడ సాంచాల మనిషే, నీకు పనికొస్తది అన్నది."

"మరి రేపు ఆమె వచ్చేది ఎందుకమ్మా?"

"ఆమె రేపు వస్తున్నది కట్లెట్ తిననీకి కాదు విజ్జి. నా చెయ్యి పోయిందని తెలిసి, మూకుడు పక్కకు ఎవరున్నరో చూడనీకి వస్తున్నది."

"పెదవులు ఆడుతున్నయ్, ఇంకా ఫోన్లనే ఉన్నవా బిడ్డా? ఆఫీసోళ్ళేనా? ఎల్లుండికి రమ్మంటున్నరా?"

"లేదు బాపు. ఇగ రావద్దంటున్నరు. ఇంకో ముక్క వెయ్యి, కోస్త."