గార్డుకు కట్టిన తీగ

మూసాపేటలో మిషన్లు బాగుచేసే కొట్టుకు, వడ్రంగి భార్య కనకలక్ష్మి కరెంటు రంపం పట్టుకొచ్చింది.

“బ్లేడును కప్పే గార్డు కిందికి పడకుండ మా ఆయన తీగ కట్టిండన్నా. విప్పి, కొత్త స్ప్రింగు వెయ్యి.”

“ఎందుకు కట్టిండు?”

“అడ్డమొస్తదంట.”

“అడ్డమొచ్చుడే దాని పని చెల్లె. గార్డుల చెక్కపొట్టు ఇరికితే ప్లగ్గు తీసి దులపాలె, గంతే.”

“నిన్న ప్యాంటు కుట్టమని ఇచ్చిండు. తొడ కాడ తెగింది. కాలుకైతే ఏం కాలే. మేకు తగిలిందన్నడు.”

“తగిలిందేమో.”

“పన్నెండేండ్ల సంది బట్టలు కుడుతున్న. మేకు చింపుతది, గంత సాఫుగ కొయ్యది.”

మెకానిక్ తీగ కత్తిరించాడు.

“మీ ఆయన మళ్ల కడితే?”

“ప్యాంటు కుట్టలే. గదే తొడుక్కొని పనికి పొమ్మన్న.”

“పోయిండా?”

“లేదు. ప్యాంటు ఒళ్లె పెట్టుకొని, తెగిన కాడనే చూస్తుండు.”